మంత్రగత్తెల గుమ్మం దగ్గర బేరం

మా ఊళ్ళో ఒక ఆడమనిషికి మంత్రగత్తె అని పేరు పడిందంటే ఆమె ఇక అక్కడ బతకలేదు. కెనడాలోని ఎడ్మంటన్‌లో నేను పార్ట్‌టైమ్ పనిచేసిన మూలికల కొట్టు యజమానురాలు అదే మాటను కాఫీ కప్పుల మీద అచ్చు వేయించి అమ్మేది. ఎవరూ ముట్టని సరుకుకు గిరాకీ పుట్టించేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ గౌరవం. మాది కిరాణా కుటుంబం.

నేను చదువుకోవడానికి వెళ్ళిన ఆ రోజుల్లో అక్కడ ప్రతి క్లాసులోనూ మన పిల్లలే. ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి వీధి మలుపు దాకా క్యూ. నేను రెజ్యూమే చేతికివ్వకుండా, అగరొత్తులు వెనకాల పెట్టారెందుకు, గుమ్మం దగ్గర పెడితే వాసనే మనుషుల్ని లోపలికి లాక్కొస్తుంది కదా అన్నాను. మర్నాడే పనికి రమ్మంది.

ఆమె, ఆమె స్నేహితురాళ్ళు కలిసి ఎన్నో ఏళ్ళుగా ఒక పూజల వలయం నడుపుతున్నారు. విక్కా అంటారు ఆ మతాన్ని. తమను మంత్రగత్తెలమనే చెప్పుకుంటారు, దేవతను, ఋతువులను కొలుస్తారు. పూజారి ఉండడు, చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళందరూ పూజారిణులే. మగవాళ్ళకు ప్రవేశం లేదు. కౌంటర్ దగ్గర ఖాళీ దొరికినప్పుడల్లా వాళ్ళ పుస్తకాలు చదివి, నాకూ ఆ వలయంలో నిలబడాలనిపించింది. పుట్టినప్పుడు నన్ను మగపిల్లాడని రాశారు. మా ఊరి అమ్మవారి గుడిలో చిన్నప్పటి నుంచీ మగవాళ్ళ వరసలోనే నిలబడ్డాను. ఒక్కసారైనా దేవత ముందు నా వరసలో నేను నిలబడాలి. అంతే నా కోరిక.

యజమానురాలికి ఇష్టమే. కానీ ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలన్నది వాళ్ళ నియమం. అందరిలో పెద్దావిడ, రిటైరైన నర్సు, ఒప్పుకోలేదు. చివరికి మధ్యే మార్గం ఒకటి వచ్చింది. మే నెల మొదటి ఉదయం జరిగే పండగకు నేను రావచ్చు. మంటకు కట్టెలు పేర్చవచ్చు, పాట పాడవచ్చు, తర్వాత భోజనం చేయవచ్చు. పూజ జరుగుతున్నంతసేపూ వలయం బయట నిలబడాలి.

వెంటనే ఒప్పేసుకున్నాను. సున్నా దగ్గర మొదలైన బేరం సగానికి వచ్చింది, మిగతా సగం వచ్చే పండగలకు లాగుతాను అనుకుంటూ గర్వంగా ఇంటికి వచ్చాను. నాతో బేస్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయి షిఫ్టుకు డబ్బా కట్టుకుంటోంది. చూసిన మొదటి రోజు నుంచీ, ఎవరూ చెప్పకుండానే, నన్ను అక్కా అని పిలిచిన పిల్ల.

"మంట నువ్వు పెట్టాలె, పాట నువ్వు పాడాలె. నిలబడేది మాత్రం బయట. అంతేనా అక్కా?"

మొదటి బేరం అలాగే ఉంటుంది అన్నాను.

"మా దిక్కు కొత్త దుకాణం తెరిస్తే హిజ్రాలను పిలుస్తరు. దీవెన తీసుకుంటరు, గడప మాత్రం దాటనియ్యరు. గా సగం కోసం గింత దూరం వస్తివా?" అని డబ్బా మూత బిగించింది. "నిన్ను నువ్వే డిస్కౌంట్‌ల పెట్టుకున్నవ్."

ఊళ్ళో మా కిరాణా కొట్టు ముందు కూడా హిజ్రాల దీవెన మెట్టు మీదే ఆగిపోయేది. కొన్న సరుకును ఇంటికి తెచ్చి విప్పి చూసుకుంటే పుచ్చులు బయటపడ్డట్టయింది నాకు.

ఆ వారం పెద్దావిడ రోజ్‌మేరీ ఆకు కోసం కొట్టుకు వచ్చింది. ముందు టీ ఇచ్చాను. మా ఇంట్లో టీ లేకుండా ఏ బేరమూ మొదలవదు. తన కారణం ఆవిడే చెప్పింది. కొట్టే మొగుడి దగ్గర నుంచి పిల్లను చంకనేసుకుని పారిపోయి వచ్చినప్పుడు, మగవాళ్ళు లేని చోటు తనకు ఇదొక్కటే దొరికిందట. నా దగ్గర వాదనలు బోలెడున్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు.

"నేను బయట నిలబడను. ఆడదాన్ని. లోపలికైతే వస్తాను, లేకపోతే రాను. మీ రోజ్‌మేరీ ఎప్పటిలాగే తూచి ఇస్తాను," అన్నాను.

బేరం తెగక వెళ్ళిపోయేవాళ్ళు నాలుగడుగులు వేసి వెనకపిలుపు కోసం చెవులు రిక్కిస్తారు. అందులో నేను ఆరితేరినదాన్ని. ఆ రోజు మాత్రం నిజంగానే అటు తిరిగి సీసాలు సర్దుకున్నాను.

కాసేపటికి ఆవిడ అడిగింది: "వలయంలోకి వచ్చే ప్రతి మనిషీ తాను ఎవరి కూతురో, ఎవరి మనవరాలో గుమ్మంలో చెప్పాలి. మీ అమ్మ నిన్ను కూతురని ఒప్పుకుందా?"

"ఇంకా బేరంలోనే ఉన్నాం. అబ్బాయీ అనడం మానేసింది. అమ్మాయీ అనడానికి నోరు రావడం లేదు. అయినా ఆమె కూతుర్నే."

ఆవిడ కప్పు కింద పెట్టింది. మొగుణ్ణి వదిలి వచ్చిన రోజు వాళ్ళమ్మ తలుపు తీయలేదట. నువ్వు నా కూతురివే కాదందట. "అయినా ప్రతి పండగకూ ఆమె పేరే చెబుతున్నాను," అని లేచి, పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

కొద్ది రోజుల తర్వాత యజమానురాలు కబురు చెప్పింది. అందరూ ఒప్పుకున్నారు. ఈసారి గుమ్మం దగ్గర నిలబడతానని పెద్దావిడే అడిగిందట.

మే మొదటి ఉదయం నది లోయలో చెట్ల కింద ఇంకా మంచు ముక్కలున్నాయి. కొమ్మలు వంచి కట్టిన గుమ్మం దగ్గర పెద్దావిడ వేలికి బూడిద అద్దుకుని నిలబడింది. నా వంతు వచ్చింది. ఎవరి కూతురివి అని అడిగింది. తెలుగులోనే, మా బజారు గొంతుతో చెప్పాను: కిరాణా కొట్టు కౌంటర్ మీద కూర్చుని ముగ్గురు పిల్లల్ని పెంచిన అమ్మ కూతుర్ని, గాజుల మలారం మోసి ఊరూరా తిరిగిన అమ్మమ్మ మనవరాల్ని. చెట్ల మీది కాకులు లేచిపోయాయి. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా నుదుటి మీద బొటనవేలితో గట్టిగా బూడిద రాసి, పక్కకు జరిగింది.

గుమ్మంలోనే నిలబడిపోయాను. నా వెనక వరసలో ఉన్న, సిటీ బస్ నడిపే ఒకావిడ భుజంతో నన్ను మెల్లగా తోసింది.

"లోపలికి జరగమ్మా, చలేస్తోంది," అని, వాళ్ళమ్మ పేరు చెప్పడం మొదలుపెట్టింది.