యశోద మేడం వదులుకున్న వంతు

యశోద మేడంకి నీళ్ళంటే భయమనీ, అందుకే సముద్రం దాకా వచ్చి కూడా పడవలోనే కూర్చుండిపోయారనీ నాతో చదివిన రుక్మిణి చెప్పే కథ తప్పు. పోయిన ఆదివారం మా పెరట్లో కూర్చుని మా చెల్లెలి కూతురికి మళ్ళీ అదే చెప్పింది. నేనప్పుడు వాలిపోయిన బొప్పాయి ఆకు విరుస్తున్నాను. కాడ చివర పాలు బొట్టుకట్టి వేళ్ళకు అంటుకున్నాయి. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే పెదవులు దురద పెట్టాయి. పాతికేళ్ళ నాటి దురద అది.

"నువ్వు ఆ పడవలనే ఉన్నవ్, అయినా ఏం సూడలే" అన్నాను రుక్మిణితో.

"నువ్వేం సూసినవో సెప్పు మరి" అంది. వేళ్ళకంటిన పాలు కడుక్కోవడానికి లేచాను. ఎవరితోనైనా వాదానికి దిగే నాకు ఆ ఒక్క విషయంలో నోరు పడిపోతుంది.

డెబ్బైల మొదట్లో, నిజామాబాద్‌లో మేము డిగ్రీ చదివేటప్పుడు యశోద మేడం మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. బోధన్ మనిషి. తండ్రి ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడట. క్లాసులో పుస్తకం భాష మాట్లాడేవారు, వరండాలోకి రాగానే ఇంటి భాష. మా ల్యాబులో పగడపు దిబ్బ నుంచి తెచ్చిన ముక్క ఒకటుండేది. తెల్లగా, గరుగ్గా, తేమకు గడ్డకట్టిన చక్కెరలా ఉండేది. దాని బొమ్మ గీయమంటే నేను ఎదురు తిరిగాను. ఇందులో జంతువు ఎక్కడుంది, రాయిని గీయడానికా కాలేజీకి వచ్చింది అన్నాను. మేడం కోప్పడలేదు. ముక్కను చేతిలో తిప్పి చూశారు.

"నిజమే. ఇది దాని బొక్క, సచ్చినంక మిగిలే ఎముక. మనిషిని సూద్దామని బొందలగడ్డకు పోతమా? నేను గూడ పన్నెండేండ్ల సంది దీన్నే సూపెడుతున్న. బతికున్నదాన్ని ఎన్నడు సూడలే."

అలా మొదలైంది ఆ ప్రయాణం. రామేశ్వరం దగ్గర పడవలో తీసుకెళ్ళి, మొహానికి అద్దం కట్టి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్ళ మీద బోర్లా తేలుతూ దిబ్బలు చూపించేవాళ్ళున్నారని ఆమె ఉత్తరాలు రాసి తెలుసుకున్నారు. మాలో ఎవరికీ ఈత రాదు. నీళ్ళలో మొహం పెట్టి నోటితో గాలి పీల్చడం నేర్పాలని హాస్టల్ వెనకాల గంగాళం నింపించారు. గొట్టం ఎక్కడిది? బొప్పాయి ఆకు కాడ బోలుగా ఉంటుంది కదా, అదే. నెల రోజులు వంతులవారీగా గంగాళంలో తలలు ముంచాం. పాలు తగిలి మూతులు వాచాయి. వంట చేసే అవ్వ, "గీ పోరిలకేం రోగమొచ్చింది, కుడితిల బర్లు మూతి వెట్టినట్టు" అని తిట్టేది.

"మూతి వాసిందని ఏడ్వకుండ్రి. వాపు రెండు దినాలల్ల దిగుతది. సూసింది మాత్రం ఉంటది" అనేవారు మేడం.

ఇక ఆమె భయం సంగతి. ఒక ఆదివారం నన్ను వర్ని దగ్గర తన అన్న ఊరికి తీసుకెళ్ళారు. చీర గోచీ పెట్టి, నోట్లో కాడతో కాలువలోకి దిగి, బోర్లా తేలారు. గట్టు మీది తుమ్మకొమ్మను ఒక చేత్తో పట్టుకున్న సంగతి పక్క పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళకు కనిపించలేదు. శవమనుకుని ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. "అయ్యో, ఎవలో పడి సచ్చిందే" అని ఒకామె గుండెలు బాదుకుంది. మేడం తల పైకెత్తి కాడ తీసి, "సావలే అక్కా, సదువుకుంటున్న" అన్నారు. నీళ్ళకు భయపడే మనిషి చేసే పనేనా అది? అయితే ఒక మాట దాచకూడదు. గట్టెక్కాక ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. చలి అన్నారు. అది ఎండాకాలం.

సముద్రంలో మాకు దారి చూపినాయన శంఖాలు తీసే ముసలాయన. తమిళం తప్ప మరో భాష రాదు, అన్నీ చేతులతోనే చెప్పేవాడు. దిబ్బ మీద కాలు పెట్టొద్దు, తాడు వదలొద్దు. మాకిచ్చిన అద్దం ఒక్కటే, మేడం కాక అమ్మాయిలమే ఎనిమిది మందిమి. మేడం తన వంతు చివర అన్నారు. నేను ఏడోదాన్ని. దిగాను. కింద అంతా బతికి ఉంది. గోధుమరంగు కొమ్మలు, పచ్చటి గుబురులు, వాటి సందుల్లో నల్ల చారల నీలి చేప ఒకటి నన్ను లెక్కచేయకుండా తిరిగింది. పైకొచ్చి ఆ చేప గురించి రుక్మిణికి చెప్పాను. ఆమె వాంతులతో పడవ అంచు పట్టుకుని ఉంది, విన్నదో లేదో.

ఎనిమిదో అమ్మాయి దిగి వచ్చేసరికి గాలి లేచింది. ముసలాయన ఒక వేలు చూపించాడు. ఇంకొక్కరే. మేడం అప్పటికే గోచీ బిగించుకుని అద్దం నుదుటికి పెట్టుకున్నారు.

"మేడం, నా అద్దంల నీళ్ళు చొరవడ్డయి. నాకేం కనవడలే" అన్నాను.

అబద్ధం. మళ్ళీ చూడాలన్న ఆశ తప్ప దానికి వేరే కారణం లేదు. ఆమె నా వైపు చూశారు, నీళ్ళ వైపు చూశారు. అద్దం తీసి నా చేతిలో పెట్టారు. నేను దిగాను. తిరిగొచ్చేసరికి గోచీ విప్పి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చున్నారు. ఒడ్డు దగ్గర పడుతుండగా, నాకొక్కదానికే వినపడేలా అడిగారు:

"ఆ నీలి చాప మల్ల కనవడ్డదా?"

అవునన్నాను.

తరువాత నేనూ లెక్చరర్‌నయ్యాను, పిల్లల్ని అదే సముద్రానికి తీసుకెళ్తుంటాను. అందరికంటే ముందు నేనే దిగుతాను. స్వార్థమని వెనక అనుకుంటారు, అనుకోనీ. నాలాంటిది వాళ్ళలో ఒక్కతైనా ఉంటుందని నాకు తెలుసు. బోధన్‌లో ఆమె ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళాను. మార్కుల మీద, మంత్రుల మీద, చాయ్‌లో చక్కెర మీద పోట్లాడాను. ఆ అద్దం ఎందుకిచ్చారని మాత్రం అడగలేదు. పోయినేడు ఆమె వెళ్ళిపోయారు, బతికున్న పగడం చూడకుండానే.

రుక్మిణి కథ తప్పని ఇప్పటికీ వాదిస్తాను. కానీ వాదించిన ప్రతిసారీ ఆ ఎండాకాలపు వణుకు గుర్తొస్తుంది. మేడం, నాది అబద్ధమని తెలిసే అద్దం ఇచ్చారు కదా. అది మీరు నాకిచ్చిన వంతా, నా అబద్ధం చాటున మీరు తప్పించుకున్న వంతా?