చిత్తూరులో చిక్కుకున్న మార్కుల లిస్టు

ఉదయం ఆరున్నరకు తిరుపతిలో ప్యాసింజర్ ఎక్కాను. బస్సు త్వరగా చేరుస్తుంది గానీ, రైలు టికెట్టు దాంట్లో సగం కూడా కాదు. చిత్తూరులో ఒక ఆర్మీ కోచింగ్ అకాడమీ మా అబ్బాయి హేమంత్ పదో తరగతి ఒరిజినల్ మార్కుల లిస్టు దగ్గర పెట్టుకుంది. చేరేటప్పుడే తీసుకోవడం అక్కడి పద్ధతి. వాడికి నచ్చక మానేశాడు. లిస్టు మాత్రం ఇవ్వరట! మధ్యాహ్నం మూడింటిలోగా తిరుపతి పాలిటెక్నిక్‌లో అది చూపించకపోతే సీటు పోతుంది.

పాకాలలో ఇడ్లీ పొట్లంతో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. పేరు మునిరత్నం, రిటైరైన హవల్దారు. నేను చిత్తూరు అకాడమీ అనగానే తీర్పు చెప్పేశాడు.

"ఇంటికొకడు సైన్యంలో చెయ్యాలని చట్టం తేవాలమ్మా. అప్పుడుగానీ ఈ పిలకాయలకు బుద్ధి రాదు."

"మంత్రుల ఇండ్ల నుంచి మొదలుపెట్టమనండి. బోరు ఎండిన ఇండ్ల నుంచి చట్టం లేకుండానే పోతా ఉండారు గదా!"

"నేను పోలా?"

"మీకు పెన్షనుండాది. ఇప్పుడు నాలుగేండ్లు చేయించుకుని, నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపేస్తారంట. ఆ ముగ్గురూ మళ్లీ ఏ గేటు ముందర నిలబడాల?"

ఆయన పొట్లం నా వైపు జరిపాడు. "తినమ్మా. ఖాళీ కడుపుతో ఎంతసేపు కొట్లాడతావు?"

తింటూ లిస్టు సంగతి చెప్పాను. ఆయన మొహం మారింది. "కాగితాలు పట్టుకున్నారా? యాడుండాది ఆ అకాడమీ? నేనూ వస్తా పద."

ఎనిమిదిన్నరకు చిత్తూరు. షేర్ ఆటోలో పది నిమిషాలు. ఆఫీసులో మేనేజరు తల కూడా ఎత్తలేదు.

"మీవాడు ఆర్మీ సెలెక్షన్ ర్యాలీకి వస్తేనే ఇస్తాం మేడం. దేశసేవ మధ్యలో వదిలేస్తే ఎట్లా?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఫీజంతా కట్టేసినాను. దేశం పేరు చెప్పి నా బిడ్డ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళమేసే హక్కు నీకెవరిచ్చినారు? అది చేతికొచ్చేదాకా లేచేది లేదు."

కొడుకును చేర్పించడానికి ఫైలుతో వచ్చిన ఒకామె గుమ్మంలోనే ఆగిపోయింది. మునిరత్నం ముందుకొచ్చాడు.

"అబ్బా, పందొమ్మిదేండ్లు చేసినా. నా కాళ్లతో నేను పోయినా. ఎవురూ నా కాగితాలు దాచిపెట్టలా. తియ్యి బీరువా."

గుమ్మంలో ఆమె ఫైలును సంచిలో పెట్టేసుకుంది. అది చూశాకే మేనేజరు తాళాలు తీశాడు.

లిస్టుతో పదింటి బస్సెక్కాను. మునిరత్నం కిటికీ దగ్గరికి వచ్చి, "అయినా చట్టం రావాలమ్మా" అన్నాడు. మొండి మనిషి!

"మావాడు తనంతట తాను పోతానంటే బూట్లు నేనే కొనిస్తా. తోసి పంపుతామంటే మాత్రం ఇదే కుర్చీ, ఇదే నేను."

పదకొండున్నరకు తిరుపతి. రెండింటికల్లా సీటు ఖాయమైంది. ఈ దారిన వెళ్లే తల్లులారా, ఒరిజినళ్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, పాకాలలో కడుపునిండా ఇడ్లీ తిని వెళ్లండి. చాలాసేపు కూర్చోవలసి రావచ్చు.