మా పికప్ లాగలేని కేరవాన్: షెఫీల్డ్ నుంచి కేంబ్రిడ్జ్ దాకా

మా తమ్ముడి కూతురు మాధవికి ఐదో నెల నిండగానే కేంబ్రిడ్జ్ ఆసుపత్రి డాక్టరమ్మ కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దని చెప్పింది. అంతకుముందు రెండుసార్లు ఐదో నెలలోనే కడుపు పోయింది. ఆ రెండుసార్లూ మా తమ్ముడు శేషగిరి షెఫీల్డ్‌లో ఆసుపత్రి డ్యూటీలో ఉన్నాడు. వాడు ఆపరేషన్లకు ముందు మత్తుమందు ఇచ్చే డాక్టరు. థియేటర్‌లోంచి బయటికొచ్చి ఫోను చూసుకునేసరికి అంతా అయిపోయి ఉండేది. రెండోసారి తరవాత ఎవరితోనూ ఏమీ అనకుండా రిటైర్‌మెంట్ కాగితం రాసి ఇచ్చేశాడు. "ఈసారి దాని పక్కనే ఉంటానక్కా" అన్నాడు నాతో. మా మరదలు పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి వాడింట్లో వంట చేసేది నేనే. నేను చదివింది ఐదో తరగతి. కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు పెట్టి, ఈ బ్లాగు రాయడం నేర్పిందీ వాడే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాధవి ఫ్లాట్‌లో ఒకటే పడకగది, ముందుగదిలో ఒక సోఫా. అల్లుడు సాఫ్ట్‌వేర్ పని మీద సోమవారం వెళితే మళ్లీ శుక్రవారానికి గాని ఇంటికి రాడు. నాలుగు నెలలపాటు మేమిద్దరం అక్కడ ఎలా ఉండాలని నేను మథనపడుతుంటే తమ్ముడికి కేరవాన్, అంటే బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇంటి ఆలోచన వచ్చింది. ఫ్లాట్‌కి పది నిమిషాల దూరంలో కేరవాన్లు నిలుపుకునే స్థలం ఉంది. కరెంటుతో కలిపి రోజుకు పన్నెండు పౌన్లు. తోటపని కోసం ఎప్పుడో కొన్న పాత పికప్ ట్రక్కు ఎలాగూ ఉంది. దాని వెనక తగిలించడానికి ఎవరో వాడి అమ్మేసిన నాలుగు చక్రాల పెద్ద కేరవాన్ కొన్నాడు. లోపల రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న స్నానాల గది. కొనేముందు కాగితం మీద లెక్కవేసి నాకు చూపించాడు.

"చూడక్కా. మన పికప్ రెండు వేల కిలోలు లాగుతుంది. కేరవాన్ పదహారు వందల యాభై. ఇంకా మూడు వందల యాభై మిగులు. ఇక నువ్వు హాయిగా పడుకో."

"అది సామాను పెట్టకముందు బరువా, పెట్టాకా?"

"గ్యాస్ పేలుతుందా, చక్రం ఊడుతుందా, దారిలో దొంగలు వెనకనుంచి ఎక్కుతారా... పొద్దుటినుంచి ముప్ఫై అడిగావు. ఇది ముప్ఫై ఒకటోది. నీకు దణ్ణం పెడతాను."

నిజమే. నేను అన్నిటికీ భయపడతాను. అందుకని నా భయాల్లో ఏది పట్టించుకోవాలో ఎవరికీ తెలియదు, నాక్కూడా తెలియదు.

ఇప్పుడు రాయబోయేది సిగ్గుపడాల్సిన సంగతి. అయినా ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. "బట్టలు తప్ప ఏమీ పెట్టొద్దు, అన్నీ అక్కడ దొరుకుతాయి" అని తమ్ముడు ఖచ్చితంగా చెప్పాడు. కానీ రెండుసార్లు పిల్ల దక్కకపోతే, వేళకి వేడిగా వండిపెట్టే దిక్కులేకనే అలా అయిందని నా మనసులో పడిపోయింది. డాక్టర్లు అలా ఏం కాదన్నారు. అయినా నాకు పడిపోయింది. వాడు తోటలోకి వెళ్లినప్పుడల్లా ఒక్కో వస్తువు తెచ్చి కేరవాన్‌లో వెనక మంచం పలక ఎత్తి దానికింద పెట్టాను. నాలుగు బియ్యం బస్తాలు, ఒక్కోటి ఇరవై కిలోలు. కందిపప్పు, మినప్పప్పు, నూనె డబ్బాలు, రెండు జాడీల ఆవకాయ. చివరికి మా అమ్మ రుబ్బురోలు, పొత్రంతో సహా. దాన్ని తువ్వాళ్ల మీద పెట్టి, గది గదికీ నేల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లి, గుమ్మానికి చెక్క వాల్చి కేరవాన్‌లోకి నెట్టాను. నా నడుం ఇంకా నొప్పి పెడుతూనే ఉంది.

రెండు వేల పది, మార్చి నెల, శనివారం. పొద్దున్నే ఏడున్నరకి బయల్దేరాం. కేరవాన్ లేకపోతే షెఫీల్డ్ నుంచి కేంబ్రిడ్జ్‌కి మూడు గంటలు చాలు. అది ఉంటే ఐదు గంటలు వేసుకోమని అందరూ చెప్పారు. పికప్‌లో అరవై పౌన్ల డీజిలు పోయించాం. వెనక ట్రేలో మాధవి కోసం ఫ్రీజరు, వాషింగ్ మెషీను, పరుపులు. ఊళ్లోని ఎత్తు రోడ్లెక్కేటప్పుడే ఇంజను మూలిగింది. కాలిన వాసన వచ్చిందని నేనంటే, "అది నీ ఇడ్లీ డబ్బాలో కారప్పొడి వాసన" అన్నాడు. తూర్పుగా వెళ్లి ఏ-వన్ రోడ్డు పట్టుకుని దక్షిణానికి తిరిగాం. ఆకాశం అంట్లు తోమిన నీళ్లలా ఉంది. పక్కనుంచి గాలి కొడుతోంది. కేరవాన్ లాగే బండ్లు ఆ రోడ్డు మీద అరవై మైళ్లు దాటకూడదు. తమ్ముడు యాభై దాటలేదు. లారీలన్నీ మమ్మల్ని దాటిపోతున్నాయి. దాటిన ప్రతిసారీ పికప్ ముందుభాగం తేలిగ్గా అయినట్టు, స్టీరింగ్ పట్టు తప్పుతున్నట్టు ఉందని వాడే అన్నాడు. అన్నాక నా మొహం చూసి "ఏం లేదులే" అన్నాడు.

న్యూఆర్క్ దాటి గ్రాంథం వైపు వెళుతుండగా రోడ్డు కిందికి దిగుతుంది. అక్కడ ఒక పెద్ద లారీ కుడిపక్కనుంచి మమ్మల్ని దాటింది. దాని వెనకే గాలి విసురుగా తగిలింది. కేరవాన్ ఒకసారి ఎడమకి ఊగింది. తరవాత కుడికి, ఇంకా ఎక్కువగా. మళ్లీ ఎడమకి. ఎవరో తోక పట్టుకుని ఊపుతున్నట్టు పికప్ వెనకభాగం కూడా దాంతోపాటే పోతోంది. అద్దంలో మా కేరవాన్ పక్క గోడ మొత్తం కనబడింది. వెనకొచ్చే బండి దీపాలు వెలిగిస్తూ ఆర్పుతూ హారన్ కొడుతోంది. నేను రెండు చేతులతో సీటు పట్టుకున్నాను. తమ్ముడు మాత్రం "బ్రేకు తొక్కకూడదు, తొక్కకూడదు, తొక్కకూడదు" అని తనలో తను అనుకుంటూ స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. మహా అయితే అర నిమిషం అయి ఉంటుంది. ఆ అర నిమిషంలో నాకు మాధవి కడుపు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

కొంచెం దూరంలో బండ్లు ఆపుకునే జాగా వస్తే పక్కకి తీసి ఆపాడు. అక్కడ టీ బండి పెట్టుకున్న తెల్లావిడ మేం రావడం చూసింది. కప్పు టీ అరవై పెన్నీలు. తమ్ముడు టీ ఒలకబోసుకుంటే గుడ్డ తెచ్చి తుడిచి, డబ్బులు తీసుకోలేదు. "తోక ఊగింది కదూ, లవ్? ఈ దిగుడులో నేను చాలానే చూశాను. నీ వెనక బరువెక్కువైంది" అంది, ఇక్కడ ఎవర్నైనా పిలిచినట్టే 'లవ్' అని పిలిచి. "తూచావా ఎప్పుడైనా?" తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. రెండు మైళ్ల అవతల ధాన్యం గిడ్డంగిలో లారీల కాటా ఉందని, శనివారం మధ్యాహ్నందాకా తెరిచి ఉంటుందని చెప్పి, అట్టముక్క మీద దారి గీసి ఇచ్చింది. ముప్ఫై మైళ్ల వేగంతో, నాలుగు దీపాలూ వెలిగించుకుని వెళ్లాం.

కాటా మనిషి బూట్లకి మట్టి అంటిన పెద్దాయన. తూచడానికి ఆరు పౌన్లు. ముందు రెండు బండ్లూ కలిపి తూచాడు. నాలుగు వేల ఎనిమిది వందల పది కిలోలు. తరవాత పికప్ తలుపు తెరిచి, లోపల అంటించిన రేకు చూసి, బండీ కేరవానూ కలిపి నాలుగు వేల నాలుగు వందలు మించకూడదని రాసి ఉందన్నాడు. "నీ కాటా తప్పేమో" అన్నాడు తమ్ముడు. ఆయన నవ్వి కేరవాన్‌ని విడదీయించి దాన్ని ఒక్కదాన్నే తూచాడు. రెండు వేల నూట తొంభై. దాని తలుపు పక్క రేకు మీద అన్నీ నింపాక రెండు వేలు దాటకూడదని ఉంది.

తమ్ముడు కాటా మీదే నిలబడిపోయాడు. "పదహారు వందల యాభై అనే కదా కాగితంలో ఉంది. ఐదు వందల నలభై కిలోలు ఏం పెట్టామక్కా మనం? పక్కకి కట్టుకునే గుడారం, రెండు గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, నీళ్లు, నా పుస్తకాలు..." అంటూ వేళ్లు మడుస్తున్నాడు.

"ఒరేయ్ శేషూ, వెనక మంచం కిందది కూడా లెక్కెయ్యరా" అన్నాను.

"వెనక మంచం కింద ఏముంది?"

వాడే వెళ్లి పలక ఎత్తి చూశాడు. తరవాత ఒక బియ్యం బస్తా బయటికొచ్చింది, తరవాత ఇంకొకటి. రోలుని వాడూ కాటా మనిషీ ఇద్దరూ పట్టి దింపారు. ఆయన దాన్ని తిప్పి చూసి ఇదేమిటని అడిగాడు. "మా అమ్మది. పప్పు రుబ్బుతారు" అన్నాడు తమ్ముడు ఇంగ్లీషులో. నాకేసి తిరిగి, "వడ్ల బస్తాలు బండి వెనక వేస్తే కాడి లేస్తుందని నాన్న పాలేర్లని తిట్టేవాడు. పక్కనే నిలబడి విన్నావు కదే అక్కా" అన్నాడు. వాడు నాతో 'కదే' అని మాట్లాడి యాభై ఏళ్లయింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

నావన్నీ దింపి మళ్లీ తూస్తే నూట యాభై తగ్గింది. అయినా రెండు వేల నలభై. "అంటే నీ పాపం నూట యాభై, నాది మూడు వందల తొంభై" అన్నాడు తమ్ముడు, బియ్యం బస్తా మీద కూలబడి. "ముప్ఫై మూడేళ్లక్కా. బరువు కనుక్కోకుండా ఒక్క మనిషికి మత్తు సూది వెయ్యలేదు నేను. పసిపిల్లల్నైతే నర్సు తూచాక కూడా మళ్లీ నేనే తూచేవాణ్ని. దీన్ని తూచాలని తట్టలేదు. కాగితంలో ఉన్నది ఖాళీ బరువు. నువ్వు అడిగావు కూడా."

సామాను పికప్‌లోకి మారిస్తే ఎలా ఉంటుందని కాటా మనిషిని అడిగాడు. "ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చినట్టే. రెండూ కలిపి లాగాల్సింది ఆ ఇంజనే, ఆపాల్సింది ఆ బ్రేకులే" అన్నాడాయన. సామాను ఇక్కడ దింపేసి అంకెలోకి తెచ్చుకుని వెళ్లొచ్చు గాని, ఈ గాలిలో, ఈ పాత బండితో తనైతే వెళ్లనని కూడా చెప్పాడు. తమ్ముడు రోడ్డుకేసి చాలాసేపు చూశాడు. కావాలంటే వాడు అలా వెళ్లేవాడే. కానీ "మనకేమైనా అయితే ఆ కబురు దానికి ఎవరు చెబుతారు?" అని లేచాడు. పక్క పొలంలో కేరవాన్లు దాచుకునే చోటుంది, వారానికి ఐదు పౌన్లు. దాన్ని అక్కడ వదిలేశాం. ఫ్రీజరూ వాషింగ్ మెషీనూ అందులోకి ఎక్కించి, నా బియ్యం, రోలు పికప్‌లో పెట్టుకున్నాం. కదిలేముందు పికప్‌ని కూడా కాటా ఎక్కించాడు తమ్ముడు. అల్లుడు వచ్చి తరవాత తెస్తాడనే ఆశ కూడా లేదు. తొంభై ఏడు తరవాత వచ్చిన మామూలు లైసెన్సుతో, వేరే పరీక్ష ఇవ్వకుండా అంత పెద్దది లాగకూడదట. కూలికి పెద్ద బండి పిలిపించుకుందామంటే, చేతిలో ఉన్నదంతా కేరవాన్ కొనడానికే అయిపోయింది.

మూడున్నరకి కేంబ్రిడ్జ్ చేరాం. వాన. మాధవి మంచం మీదినుంచే కిటికీలోంచి చూసింది. "డాడ్, వేర్ ఈజ్ ది కేరవాన్?" అంది మేం లోపలికి రాగానే.

"మీ అత్త రుబ్బురోలు ఎక్కించింది. అది పొలంలో కూర్చుని లేవనంటోంది."

మాధవి నవ్వింది. నవ్వాక సంగతి అర్థమై, "బట్ వేర్ విల్ యూ స్టే?" అంది. సోఫా మీద పట్టేది ఒక్కరే. పక్క వీధిలో గదులున్నాయి గాని, నాలుగు నెలల అద్దె వాడి పెన్షన్‌కి మించిన పని. "నువ్వుండక్కా" అన్నాడు తమ్ముడు. "దానికి స్నానం చేయించడం, జడెయ్యడం నాకు చేతకాదు. అది చేయించుకోదు కూడా." నేను వద్దన్నాను, నీ కూతురు కదా అన్నాను. అప్పటికే వాడు అల్లుణ్ని తోడు తీసుకుని బియ్యం బస్తాలు మెట్లెక్కించడం మొదలుపెట్టాడు. ఐదింటికి కూతురి నుదుటి మీద చెయ్యి వేసి, నాడి చూసి, షెఫీల్డ్ తిరిగి వెళ్లడానికి కిందికి దిగాడు. నేను వెనకే వెళ్లాను. పికప్ తలుపు తెరిచి, ఎక్కకుండా నిలబడి, "ఈసారి కూడా డ్యూటీలో ఉన్నట్టే అయిందక్కా" అన్నాడు.

ఇది జరిగి మూడు వారాలు. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను చేసి, నొప్పి ఉందా, రక్తం కనబడిందా, బిడ్డ కదులుతోందా అని మూడే ప్రశ్నలు అడుగుతాడు. శనివారాలు వచ్చి చీకటిపడకముందే వెళ్లిపోతాడు. ఇంకా పదిహేను వారాలు. ఏదైనా అయితే మొదట తెలిసేది నాకు, వాడికి కాదు. వాడు పక్కనుండాల్సిన చోట నేను పడుకుంటున్నాను. మాధవి నిద్రలో కదిలితే లేచి కూర్చుంటాను. భయపడి భయపడి నేను దాచిన బరువే మమ్మల్ని ఆ రోడ్డు మీద ఊపింది. ఆ సంగతి తెలిసినా భయపడడం మానలేకపోతున్నాను. వాడు అక్కడ రొట్టె తిని పడుకుంటున్నాడేమోనని ఇంకో కొత్త భయం.

పెద్ద కేరవాన్ కొనేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. ఖాళీ బరువు చూసి మీ పికప్‌తో జత కట్టకండి. అన్నీ ఎక్కించాక లారీల కాటాకి తీసుకెళ్లి, కేరవాన్ ఎంత మోయొచ్చు, పికప్ ఎంత లాగొచ్చు, రెండూ కలిపి ఎంత ఉండొచ్చు అనే మూడు అంకెలూ సరిచూసుకోండి. కాటాకి వెళ్లేముందు, ఇంట్లో నాలాంటి ముసలిది ఉంటే మంచం కింద ఏం పెట్టావని మెల్లగా అడగండి. కోపంగా అడిగితే మేం చెప్పం.