ఫొటోలో చనిపోయిన మనిషి

డెబ్భైల చివర్లో నేను విశాఖ పోర్టులో గుమస్తాని. ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్క రాసుకోవడం నా పని. డ్యూటీ దిగాక పూర్ణా మార్కెట్ దగ్గర, నా ఈడు ముస్లిం స్నేహితుడి పాత పుస్తకాల కొట్లో కూర్చునేవాణ్ణి. ఓడలవాళ్లు వదిలేసిన విదేశీ పత్రికలు అతని దగ్గర దొరికేవి.

ఒక ఏడు ఎక్కడో చిన్న ద్వీప దేశంలో తిరుగుబాటు జరిగింది. ఆ దేశం గురించి మాకు తెలిసిందల్లా ఒక్క ఫొటో. ఎండ, ఖాళీ వీధి, మూసిన తలుపులు, నేలకు చెంప ఆనించి పడివున్న మనిషి. కింద శవాల నగరమని ఇంగ్లీషులో రాశారు. ఏ పత్రిక తిప్పినా అదే. రేడియోలో ఆ దేశం పేరు వినపడితే చాలు, నాకు ఆ వీధే కనిపించేది. అక్కడ బతికున్నవాళ్లు కూడా ఉంటారని తోచేదే కాదు.

మరుసటేడు ఒక సాయంత్రం ఒక నావికుడు కొట్లోకి వచ్చాడు. పాత పత్రికలు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగాడు. ఫొటోలోని మనిషి మీద వేలు పెట్టాడు. అదే వేలు తన గుండె మీద పెట్టుకుని ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఏటంతన్నాడు బావా?" అన్నాడు నా స్నేహితుడు.

"అది నానే అంతన్నాడు."

ఇద్దరం ఫొటో చూశాం, అతన్ని చూశాం. అదే ముక్కు, అంచు తెగిన అదే చెవి.

రాత్రంతా రొట్టెల దుకాణంలో పనిచేసి, పొద్దున ఆ వీధిలోనే గోడ నీడన కునుకు తీశాడట. ఎవరు ఫొటో తీశారో తెలీదు. ఆ వారమే ఓడెక్కేశాడు. వాళ్ల దేశంలో పత్రికలు మూతపడ్డాయి. తల్లికి విదేశీ పత్రికలోనే కొడుకు కనిపించాడు. పోయాడనుకుని ప్రార్థనలు చేయించేసింది. నెలల తర్వాత అతను ఇంటికెళ్తే, తలుపు తీయకుండానే లోపల్నుంచి చాలాసేపు మాట్లాడిందట. తర్వాత తీసింది, అన్నం పెట్టింది. కానీ ఆ ఫొటో ముందు కొవ్వొత్తి వెలిగించడం మాత్రం మానలేదు. ఎందుకని అడిగితే, ప్రపంచమంతా చెబుతోంది కదా అందట.

నా స్నేహితుడు టీ తెప్పించాడు. నావికుడికి గ్లాసు అందిస్తూ, శవాన్ని ముట్టకూడదన్నట్టు వేళ్లు తగలకుండా జాగ్రత్తపడటం నేను చూశాను. నావికుడూ చూశాడు. అలవాటైనట్టు చిన్నగా నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం అతని ఓడ మీదే నాకు పని పడింది. అతను డెక్కు మీద తాళ్లచుట్ట పక్కన నేలకు చెంప ఆనించి నిద్రపోతున్నాడు. పలకరిద్దామని వెళ్లి ఆగిపోయాను. అతని వీపు కదులుతోంది, ఊపిరి తెలుస్తోంది. అయినా దగ్గరికి వెళ్లలేకపోయాను.