సున్న పెట్టిన పడవ లెక్క

నెల్లూరు కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరిన కొత్తలో, అరవైల తొలి రోజుల్లో, నాకు పొగరు కాస్త ఎక్కువే. వెక్టర్ అంటే పొడవూ దిక్కూ ఉన్న బాణమని బోర్డు మీద గీసి చూపించి, పరీక్షలో తేలిక లెక్కే ఇచ్చాననుకున్నాను. ఏటికి అవతల, సరిగ్గా ఎదుటి రేవుకు పడవ వేశారు. పడవ వేగం ఇంత, పక్కకు లాగే నీటి వేగం ఇంత. పడవ ఎక్కడ తేలుతుంది?

కోట ఊరికి అవతల సముద్రపు ఒడ్డు పాలెం నుంచి వచ్చిన కుర్రవాడు ఒక్క ముక్క రాశాడు: ఎదుటి రేవులోనే. సున్న పెట్టాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "పడవల్లో పుట్టి పెరిగి ఇదీ తెలియదా?" అని క్లాసు ముందు అడిగాను. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి అతను రాలేదు. చదువు మానేసి చేపల వేటకు పోతున్నాడని వారం తర్వాత హాస్టల్లో చెప్పారు. ఆ పాలెంలో కాలేజీ గడప తొక్కింది అతనొక్కడే. నాకు అన్నం సయించలేదు.

ఆదివారం బస్సులో కోట వెళ్లి, ఉప్పుటేటి దాకా నడిచాను. నన్ను దాటించడానికి పడవ వేసినాయన ఆ కుర్రవాడి తండ్రేనని మాటల్లో తెలిసింది. అవతలి రేవులో కుర్రవాడు వల బాగుచేస్తూ కనిపిస్తున్నాడు. పడవ మూతి మాత్రం ఎక్కడో ఎడమన, ముళ్లపొదల వైపు ఉంది.

"రేవు అటుంటే ఇటు పోతున్నామేం?" అన్నాను.

"పోటునీళ్లు కుడికి ఈడుస్తా ఉండాయి అయ్యోరా. రేవుకే మూతి పెడితే ఆ తాటిచెట్ల కాడ తేలతాం. రేవు చేరాలంటే ఎవురైనా ఇట్నే పోతారు గదా."

పడవ తిన్నగా కుర్రవాడి ముందే ఆగింది. నా లెక్కలో పడవ నడిపేవాడికి నీళ్ల సంగతే తెలియదు. కుర్రవాడి జవాబులో నేను చూడని బాణం ఒకటి ఉంది. దిగి అతని దగ్గరికి వెళ్లాను.

"తప్పు నాది నాయనా. రేపు బోర్డు మీద ఆ మూతి ఎటు పెట్టాలో నువ్వే గీయాలి."

"నవ్వతారు సార్."

"నవ్వితే నన్ను చూసే నవ్వుతారు. పక్కనే ఉంటాను."

తండ్రి కొడుకు చేతిలోంచి వల తీసుకున్నాడు. కుర్రవాడు ఇంట్లోకి వెళ్లి పుస్తకాల సంచితో వచ్చాడు.

తిరిగి దాటేటప్పుడు అంతా తెలిసినవాడిలా, "మూతి ఎడమకే గదా?" అన్నాను.

"మనం ఇటు తిరిగినాం గదా, ఇప్పుడు కుడికి సార్," అన్నాడు కుర్రవాడు నవ్వుతూ.