పక్కన దిగేవాడు

నోరు విప్పే ఓపిక లేని సాయంత్రమే మనకు మాటకారి తగులుతాడు. టొరంటోలో ఆఫీసు ముగించుకుని ఓక్‌విల్ రైల్లో కూలబడ్డాను. ఎదురు సీట్లో చేతికర్రతో ఉన్న తెల్ల ముసలాయన, ఒకప్పుడు పైలట్‌నని మొదలుపెట్టాడు.

"అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చే విమానాలను అప్పట్లో పరీక్షించేవాళ్లం. దిగేసరికి వాటి ఇంజను ఆగిపోయి ఉండేది, రాయిలా పడేవి. నేల ఎంత దూరముందో లోపలివాడికి తెలిసేది కాదు. నేను నా జెట్‌లో పక్కనే దిగుతూ రేడియోలో ఎత్తు చెప్పేవాణ్ణి. పదడుగులు, అయిదు, ఒకటి, ఆనింది. వాడు 'రోజర్' అనేవాడు, మాట అందిందని. అంతే."

"ధైర్యం కూడా చెప్పేవారా?" అన్నాను, ఆవులింత ఆపుకుంటూ.

"ధైర్యం వాడి దగ్గరే ఉండేది. వాడికి కావలసింది ఎత్తు."

ఓక్‌విల్‌లో ఇద్దరం లేచాం. ప్లాట్‌ఫారం నిండా మంచు. లావుపాటి కోటు అడ్డమొచ్చి ఆయనకు తన కాళ్లే కనపడటం లేదు. నేను ముందు దిగి చెయ్యి చాపితే, వద్దని తలూపాడు. చెయ్యి వెనక్కి తీసుకుని పక్కనే నిలబడ్డాను. అలసటలో ఇంగ్లీషు నోటికి రాలేదు.

"ఇంకో అడుగు... అర అడుగు... ఆనింది," అన్నాను తెలుగులోనే.

ఆయన బూటు మంచు మీద నిలదొక్కుకుంది.

"రోజర్," అన్నాడు, నా వైపు చూడకుండా.