అనసూర్య తూచిన సల్ఫేటు

నస్పూర్ గని క్వార్టర్లలో పెరిగిన అనసూర్య ఏళ్లకేళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, నడివయసుకు దగ్గరపడ్డాక కరీంనగర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరింది. క్లాసులో అందరికీ ఆమె అక్క. ఆ పిలుపులో గౌరవముంది. పక్కన కూర్చోమనడం లేదు. మధ్యాహ్నం మెట్ల మీద ఒక్కతే టిఫిన్ డబ్బా విప్పుకునేది.

సత్యమే గెలుస్తుందని గోడల మీద రాసుకుంటాం. ఆ ల్యాబులో గెలిచేది మాత్రం టీకొట్టు దగ్గర తెలిసే అంకె. తెలియని లవణంలో సల్ఫేటు ఎంతుందో అటెండర్ కొండల్ ముందే చెప్పేస్తాడు. పిల్లలు ఆ శాతం నుంచి వెనక్కి లెక్కగట్టి బరువులు రాసేస్తారు. ఏటా అంతే.

పరీక్ష పొద్దున పక్క బల్ల భూమిక మొదటిసారి ఆమెకూ ఓ టీ గ్లాసు అందించింది.

"అక్కా, యాభై ఐదట. ఎవ్వలకు చెప్పకు. నువ్వు గూడ మనోళ్లల్ల దానివే గదా."

మనోళ్లు. ఆ మాట టీకన్నా వెచ్చగా దిగింది.

అయినా చేతులు అలవాటు మానవు. లవణం కరిగించి, ఆమ్లం వేసి కాచి, వేడి బేరియం క్లోరైడు చుక్కచుక్కగా వదిలింది. తెల్లని మడ్డి దిగింది. వడగట్టి, కడిగి, కాగితంతో సహా క్రూసిబుల్ అనే పింగాణీ గిన్నెలో కాల్చి, చల్లార్చి తూచింది. లెక్కగడితే ముప్పై తొమ్మిది శాతం. మళ్లీ కాల్చి తూచింది. అదే.

యాభై ఐదు రాస్తే మనోళ్లలో ఉంటుంది. పెన్ను చాలాసేపు కదల్లేదు. చివరికి ముప్పై తొమ్మిదే రాసింది. ధైర్యమేమీ కాదు, చూసినదాన్ని చూడలేదనడం చేతకాలేదు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఈసారి లవణం తానే తెచ్చాడు. కొండల్‌కు ఆ సంగతి తెలియదు. కాగితాలన్నీ తిరగేసి, "మీ క్రూసిబుల్స్ పట్టుకురండి" అన్నాడాయన. అనసూర్యది తప్ప మిగతావన్నీ ఖాళీగా తళతళలాడుతున్నాయి. వాళ్లందరికీ మర్నాడు మళ్లీ పరీక్ష.

"అక్కకు మెడల్ ఏయుండ్రి. గా గిన్నెనే మెడల ఏలాడదీయుండ్రి" అన్నాడు వరండాలో సిద్ధు అనే క్లాస్‌మేటు. భూమిక నవ్వలేదు.

"నీకు ఏరే అంకె వచ్చిందని జర ఒక్కమాట చెప్తె ఏం పోతుండె అక్కా? మేం నీకు చెప్పలే?"

నిజమా, మనోళ్లా అని అంతసేపు కొట్టుమిట్టాడింది గానీ, పక్క బల్ల వైపు వంగి చెప్పొచ్చని అనసూర్యకు తట్టనే లేదు. ఎవరికైనా ఏదైనా చెప్పుకునే అలవాటు ఎప్పుడో పోయింది.

మర్నాడు ఆమెకు పరీక్ష లేదు. ఇంటికి బస్సెక్కొచ్చు. అయినా వచ్చి ల్యాబు కిటికీ బయట నిలబడింది. లోపల భూమిక క్రూసిబుల్‌లో కాగితం అంటుకుంటున్నది.

"మంట తగ్గియ్ భూమికా. కాగితం మెల్లగ మాడాలె, అంటుకోవద్దు. పొడి ఎగిరిపోతది."

భూమిక బర్నర్ తగ్గించింది. తల తిప్పలేదు.